సజ్దా నుంచి లేవడం కష్టమైనప్పుడు
వృద్ధ మహిళల్లో కండరాల క్షీణత, మనోవ్యథ



ఇంట్లో అమ్మీకో, దాదీకో ఒంట్లో శక్తి తగ్గుతున్న సంగతి చాలాసార్లు జానమాజ్ మీదే బయటపడుతుంది. రోజుకు ఐదు పూటల ఫర్జ్ నమాజుల్లోనే 17 రకాతులు, 34 సజ్దాలు ఉన్నాయి. మొదట సజ్దా నుంచి చేయి ఆనించి లేస్తారు. తర్వాత గోడ పట్టుకుంటారు. కొన్నాళ్ళకు కుర్చీ అడుగుతారు. లేవలేనివారు కూర్చుని నమాజు చేసుకునే సౌలభ్యం మన ధర్మంలో ఉంది, దానికి సంకోచం అక్కర్లేదు. అయితే కుర్చీ తెచ్చి ఇచ్చి, "వయసైపోయింది కదా" అని మనం ఊరుకోవడం పొరపాటు.

మనిషికి బలహీనత తర్వాత బలం, బలం తర్వాత మళ్ళీ బలహీనత, నెరిసిన జుట్టు వస్తాయని దివ్య ఖుర్ఆన్‌లోని సూరా రూమ్ 54వ ఆయత్ గుర్తు చేస్తుంది. వార్ధక్యం అల్లాహ్ నిర్ణయం. వైద్యం చేయించడం, సేవ చేయడం మన బాధ్యత.

కండరాలకు ఏమవుతుంది?

వయసుతో కండరాలు, వాటి బలం తగ్గిపోవడాన్ని వైద్యులు సార్కోపీనియా అంటారు. ఈ పేరు 1989లో వచ్చింది. ముప్పై ఏళ్ళు దాటాక కండ మెల్లగా తగ్గడం మొదలై, 60 తర్వాత వేగం పెరుగుతుంది. స్త్రీలలో నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజన్ తగ్గడం కూడా ఇందుకు తోడవుతుంది. పైగా ఇంట్లో అందరికీ వడ్డించి, మిగిలిన అన్నం చారుతో తిని లేచే అలవాటు మన తల్లులది. కండకు కావలసిన మాంసకృత్తులు వారికి అందేదే తక్కువ.

మనసుతో సంబంధం

కాళ్ళలో సత్తువ తగ్గితే పడిపోతానన్న భయం పట్టుకుంటుంది. మేడ దిగడం మానేస్తారు. చుట్టాల ఇంటికి, నికాహ్‌లకు, ఆడవాళ్ళ ఇజ్తెమాకు వెళ్ళడం మానేస్తారు. పలకరించేవారు తగ్గి దిగులు మొదలవుతుంది. దిగులుతో ఆకలి పోతుంది, తిండి తగ్గి కండ ఇంకా కరిగిపోతుంది. సార్కోపీనియా ఉన్నవారిలో డిప్రెషన్ ఎక్కువగా కనిపిస్తుందని పలు దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. ఒకటి రెండోదాన్ని పెంచుతుంది.

పెద్దవాళ్ళు "నాకు దిగులుగా ఉంది" అని చెప్పరు. ఒళ్ళు నొప్పులంటారు, నిద్ర పట్టడం లేదంటారు, ముద్ద దిగడం లేదంటారు. మూలన కూర్చుని తస్బీహ్ తిప్పుతుంటే ప్రశాంతంగా ఉన్నారనుకుంటాం. ఆ మౌనం వెనుక వ్యాధి ఉండవచ్చు. డిప్రెషన్ ఈమాన్ లోపం కాదు, వైద్యం ఉన్న జబ్బు.

ఇంట్లోనే చిన్న పరీక్ష

గట్టి కుర్చీని గోడకు ఆనించి, పక్కన ఒకరు నిలబడాలి. ఆమె చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు లేదా అంతకు మించి పడితే డాక్టరుకు చూపించాలని 2019లో ఆసియా వైద్య నిపుణుల బృందం ఇచ్చిన ప్రమాణం సూచిస్తుంది.

ఏం చేయవచ్చు?

1990లో అమెరికాలోని బోస్టన్‌లో సుమారు 90 ఏళ్ళ వయసున్న, బాగా నీరసించిన 10 మంది వృద్ధులతో 8 వారాల పాటు కాళ్ళకు బరువుల వ్యాయామం చేయించారు. పూర్తి చేసినవారి కాళ్ళ బలం సగటున రెట్టింపు దాటింది. అంటే తొంభైలో కూడా కండరం స్పందిస్తుంది.

కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం, నీళ్ళ సీసాలు పట్టుకుని చేతులెత్తడం వారానికి కనీసం రెండు రోజులు చేయించాలి. ఒంటరిగా కాక నలుగురితో కలిసి చేస్తే మనసుకూ మందు. పూటపూటకూ పప్పు, గుడ్డు, పెరుగు, చేప, శనగల్లో ఏదో ఒకటి ఉండాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగే తినాలి. గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు వ్యాయామానికి ముందు కూడా అడగాలి. దిగులు రెండు వారాలు దాటితే వైద్యుడిని కలవాలి. ప్రభుత్వ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

దాతలకు మనవి

మనం ఇచ్చే రంజాన్ కిట్‌లో బియ్యం, గోధుమపిండి, నూనె, చక్కెర, సేమియా ఎక్కువగా ఉంటాయి. ఒంటరి వృద్ధురాలి కిట్‌లో కందిపప్పు, శనగలు, పల్లీలు పెంచుదాం. నెలనెలా గుడ్లకు ఏర్పాటు చేద్దాం. వారానికి రెండుసార్లు ఒక హాలు, పది గట్టి కుర్చీలు, వ్యాయామం నేర్పే ఒక సోదరి ఉంటే వాడలోని తల్లులు కలుస్తారు. ఇది పెద్ద ఖర్చు కాదు. డబ్బు ఇవ్వలేనివారు ఆ తల్లిని ఇంటి నుంచి చేయి పట్టుకుని తీసుకురావచ్చు. అది కూడా సదఖాయే.

ఈ రాత్రి ఇషా తర్వాత మీ ఇంట్లో పెద్దావిడ ఎలా లేస్తున్నారో ఒకసారి గమనించండి. అల్లాహ్ మన తల్లుల కాళ్ళకు బలాన్ని, మనసుకు నెమ్మదిని, మనకు వారి సేవాభాగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.