వీపుకు తగ్గ బ్యాగు

ప్రశ్న: మా బాబు ఒకటో తరగతి, 18 కిలోలుంటాడు. నాలుగేళ్లు పనికొస్తుందని పెద్ద బ్యాగు కొనొచ్చా?
– ఓ తల్లి, జగిత్యాల

జవాబు: వద్దమ్మా. పెరుగుతాడని రెండు సైజులు పెద్ద చెప్పులు తొడిగి నడిపించం కదా! బ్యాగు కొనడానికి కరీంనగర్ టవర్ సర్కిల్‌కు వెళ్తే బాబునూ తీసుకెళ్లండి. రెండు పుస్తకాలు, నీళ్ల సీసా పెట్టి తగిలించి చూడండి. పై అంచు భుజాలు దాటొద్దు, అడుగు నడుము కింద నాలుగు వేళ్లకు మించి జారొద్దు, వెడల్పు వీపును మించొద్దు. పట్టీలు రెండూ వెడల్పుగా, మెత్తగా ఉండాలి. బ్యాగు మీది బొమ్మ చూసి మోసపోకండి.

2020 జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం పిల్లల బరువులో పదో వంతే మోయాలంటుంది. అంటే మీవాడికి 1.8 కిలోలు. తెలంగాణ 2017 ఉత్తర్వైతే ఒకటి, రెండు తరగతులకు 1.5 కిలోలే అంది. లీటరు నీళ్లే కిలో! బడిలో మంచినీళ్లుంటే సీసా సగమే నింపండి. పెద్ద బ్యాగులో చోటుంటే గోలీలు, గులకరాళ్లూ చేరతాయి.