యాకోబు చెప్పిన సమాధుల పట్టీ

పఠనభాగము: ఆదికాండము 49:29–33



యాకోబు ఐగుప్తులో మరణశయ్యమీదనుండి కుమారులకు ఇచ్చిన కడపటి ఆజ్ఞను చదువుడి. తన్ను పాతిపెట్టవలసిన గుహ ఏ పొలములోనిదో, ఎవరియొద్ద కొన్నదో, అందులో ఎవరెవరున్నారో అతడు వరుసగా చెప్పెను. అబ్రాహాము, శారా, ఇస్సాకు, రిబ్కా, లేయా. కుమారులు ఆ మాట విని తండ్రిని ఆ గుహకే తీసికొనిపోయిరి.

మా సంఘములోని ఒక కుటుంబమువారికి హాలియా దగ్గర చెలక గట్టున పాత సమాధులున్నవి. వారి మనుమడు వంశవృక్షము వ్రాయదలచి మా సహాయము కోరెను. కోతలైన తరువాత చూతమంటిమి. ఇంతలో ఆ ఇంటి ముసలమ్మ ప్రభువునందు నిద్రించెను. ఏ దిబ్బ క్రింద ఎవరున్నారో ఆమెకే తెలుసు. మేము పోయి చూడగా పదునాలుగు సమాధులలో అయిదింటికే రాయి ఉన్నది. ఇరుగుపొరుగు పెద్దలను అడుగగా మరి నాలుగు పేర్లు తెలిసినవి. అయిదు సమాధులు పేరులేకయే మిగిలినవి. ఆలస్యము మాదే. మీరు ఆలాగు చేయకూడదని ఈ పాఠము వ్రాయుచున్నాము.

1. మొదట పెద్దలను అడుగుడి. రాయి కొంతకాలము ఆగును, మనిషి ఆగడు. “రజాకార్ల కాలములో” అనినచో 1948 ప్రాంతము. “సాగరు కట్టునపుడు” అనినచో 1955–1967 మధ్యకాలము. వారి మాటను ఉన్నదున్నట్లు వ్రాసి, ప్రక్కన సంవత్సరము వేయుడి.

2. రాతిని గీకకుడి. ఇనుప బ్రష్షు, ఆసిడ్ తగలనియ్యకుడి. ఉదయపు ఏటవాలు ఎండలో అక్షరములు తేటగా కనబడును. అప్పుడే ఫోటో తీయుడి. తప్పు అక్షరమున్నను దిద్దక వ్రాసికొనుడి.

3. నిజాము కాలపు రాళ్లమీద ఫసలి సంవత్సరము ఉండవచ్చును. దానికి 590 కలుపుడి: ఫసలి 1350 అనగా 1940–41. తెలుగు సంవత్సరములు అరువదేండ్లకు మరల వచ్చును. సర్వధారి 1948–49లోను వచ్చెను, 2008–09లోను వచ్చెను. కాబట్టి పేరు ఒక్కటే చాలదు.

4. స్త్రీల పేర్లు విడువకుడి. యాకోబు చెప్పిన అయిదుగురిలో ముగ్గురు స్త్రీలే. “ఫలాని వాని భార్య” అని మాత్రమే ఉన్నచో, ఆమె పేరును పుట్టినింటి ఇంటిపేరును అడిగి వ్రాయుడి.

5. పటము గీసి ప్రతి దిబ్బకు అంకె వేయుడి. పేరు తెలియని దిబ్బకును అంకె ఉండవలెను.

ఇది మన ప్రాంతమునకు క్రొత్త పని కాదు. సాగరు నీళ్లు రాకముందు, 1954–1960లో, నాగార్జునకొండ లోయలో త్రవ్వకములు జరిగినవి. అక్కడ ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభములు బయటపడినవి. అవి చనిపోయినవారి జ్ఞాపకార్థము నిలిపిన రాళ్లు. రాజులకే గాక సైనికులకును నిలిపిరి. 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ మద్రాసు రాజధానిలోని సమాధుల వ్రాతలను పుస్తకముగా అచ్చువేయించెను. అందులో ఎక్కువగా ఐరోపావారి సమాధులే. మన తాతముత్తాతల పేర్లు మనమే వ్రాయవలెను.

అయితే వంశమునుబట్టి అతిశయపడకుడి; వంశావళులనుగూర్చిన వాదములు నిష్‌ప్రయోజనమని తీతు 3:9 హెచ్చరించుచున్నది. మన చేతిలో పేరులేక మిగిలిన ఆ అయిదుగురిని ప్రభువు ఎరుగును (2 తిమోతి 2:19). అది మనకు ఆదరణయే గాని, ఆలస్యమునకు సాకు కాదు.

ఆలోచించుడి: మీ ఇంట సమాధుల గురుతులు ఎవరికి తెలియును? ఈ ఆదివారము ఆరాధన తరువాత వారియొద్ద కూర్చుందురా?