గుంతకల్లు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎన్ని గంటలు?

గుంతకల్లులో దూరం అడిగితే పట్టాల లెక్క చెబుతారు. బెంగళూరు దాదాపు 300 కిలోమీటర్లు, రైల్లో ఆరు గంటలు, అంతే. విమానానికి పట్టాలుండవు కాబట్టి దాని లెక్క వేరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లాలనుకునే అమ్మానాన్నలు ఎవరినీ అడక్కుండా ఇంట్లోనే వేసుకోవచ్చు.

మొదట దూరం. గోడ మీది మ్యాపును నమ్మకండి, పిల్లల గ్లోబు తీసుకోండి. దారం ఒక కొసను మీరు విమానం ఎక్కే బెంగళూరు మీద నొక్కిపట్టి, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో దాకా బిగించి లాగండి. దారం చైనా, సైబీరియాల మీదుగా పైకెక్కి అలాస్కా వైపు నుంచి దిగుతుంది. అదే అన్నిటికన్నా దగ్గరి దారి. ఇప్పుడు అంత దారాన్నీ భూమధ్యరేఖ వెంట పరిచి ఎన్ని డిగ్రీలొచ్చిందో చూడండి. సుమారు 126 వస్తుంది. డిగ్రీకి 111 కిలోమీటర్లు. గుణిస్తే 14,000కు ఒక్క పిసరు తక్కువ.

దాన్ని విమానం వేగంతో, అంటే గంటకు 900తో భాగించండి. పదిహేనున్నర. విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ఇంకో అరగంట. అయితే విమానం మన దారం వెంటే పోదు. గాలివాటం చూసుకుంటుంది, కొన్ని దేశాల గగనతలాన్ని తప్పించుకుంటుంది. 2021 జనవరిలో ఎయిరిండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు తొలి విమానాన్ని అందరూ మహిళా పైలట్లతో నడిపింది. జోయా అగర్వాల్ సారథి, పాపగారి తన్మయి జట్టులో ఒకరు. ఉత్తర ధ్రువం మీదుగా దాదాపు 16,000 కిలోమీటర్లు తిరిగి వచ్చారు. పట్టింది సుమారు 17 గంటలు. కాబట్టి మీ లెక్కకు గంటో గంటన్నరో కలుపుకోండి.

అసలు తికమక గడియారం దగ్గరే. ఆ విమానం 9వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో అక్కడ లేచి, 11వ తేదీ తెల్లవారుజామున ఇక్కడ దిగింది. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు మరి. ముందు రెండిటినీ మన టైములోకి మార్చి, ఆ తర్వాత తీసివేయండి. చలికాలంలో మనం వాళ్లకన్నా పదమూడున్నర గంటలు ముందుంటాం, వేసవిలో పన్నెండున్నర. అక్కడి 9 రాత్రి ఎనిమిదిన్నర ఇక్కడ 10 ఉదయం పది. దానికి 17 కలిపితే సరిపోతుంది. పోయేటప్పుడు తిరకాసు ఉల్టా: మధ్యాహ్నం ఎక్కి అదే రోజు సాయంత్రం దిగినట్టు కనిపిస్తుంది. చూసి మురిసిపోకండి, కూర్చోవాల్సిన గంటలు కూర్చోవాల్సిందే.

ఇక ఇంటి నుంచి లెక్క. రైలు ఆరు గంటలు. యలహంకలో ఆగే బండైతే అక్కడే దిగిపోండి, దేవనహళ్లిలోని బెంగళూరు విమానాశ్రయం అక్కణ్నుంచి దగ్గర. విమానానికి మూడు గంటల ముందు లోపలుండాలి. బండి లేటుకు ఇంకో మూడు గంటలు, ఈ ఊరివాళ్లకు చెప్పాలా! నేరుగా పోయే విమానం దొరికినా ఇంటి గడప నుంచి దాదాపు ముప్పై గంటలు. దుబాయ్ మీదుగా అయితే అక్కడ కూర్చునే గంటలూ కలపండి. అక్కడి టైము మనకన్నా గంటన్నర వెనక.