వంశంలో వస్తున్న దురద
పాఠకుల ప్రశ్నలు - చర్మ వైద్యుల జవాబులు

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె. మేనమామ కొడుకునే చేసుకున్నాను. మా అమ్మకూ, మేనమామకూ చలికాలంలో కాళ్ల మీద పొలుసులు లేచేవి. నాదీ, మా ఆయనదీ పొడి చర్మమే. ఇప్పుడు మా నాలుగేళ్ల పాప మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక నెత్తురు వచ్చేలా గోక్కుంటోంది. రాత్రిళ్లు నిద్ర లేదు. మేనరికం వల్లేనని కొందరు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అని కొందరు అంటున్నారు. రెండో కాన్పంటే భయంగా ఉంది.
- ఒక తల్లి, ఉదయగిరి

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. ఇందులో మీ తప్పేమీ లేదు. మీరు రాసిన గుర్తులు అటోపిక్ ఎగ్జిమావిగా కనిపిస్తున్నాయి. పాపను చూశాకే ఖాయంగా చెప్పగలం.

ఫిలాగ్రిన్ అనే ప్రొటీను చర్మం పైపొరను బిగువుగా, తేమగా ఉంచుతుంది. దాని జన్యువులో లోపం ఉన్నవాళ్లకు కాళ్ల మీద పొలుసులు లేస్తాయనీ, ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా ఎక్కువనీ 2006లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. ఆ ప్రొటీను చాలకపోతే, గట్టు తెగిన మడిలో నీళ్లు నిలవనట్టు చర్మంలో తేమ నిలవదు. దుమ్ము, సబ్బు, క్రిములు లోపలికి చొరబడతాయి. నవ అక్కడే మొదలవుతుంది.

ఇక మేనరికం సంగతి. ప్రతి జన్యువూ మనలో రెండు ప్రతులుగా ఉంటుంది, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒక ప్రతిలో లోపముంటే చర్మం కొద్దిగా పొడిబారుతుంది, రెండింటిలోనూ ఉంటే బాధ ఎక్కువ. మేనబావను చేసుకుంటే ఆలుమగల జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఒకే అవ్వాతాతల నుంచి వచ్చినవే. సొంత మేనమామనైతే నాలుగో వంతు. అందుకే రెండు ప్రతులూ లోపంతోనే బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. మీ ఇద్దరిలోనూ అలాంటి ప్రతి ఒక్కొక్కటి ఉందనుకుంటే, ప్రతి కాన్పులోనూ ఆ అవకాశం నాలుగింట ఒక వంతు. అయితే మేనరికం లేని ఇళ్లలోనూ ఎగ్జిమా పిల్లలు చాలామంది ఉన్నారు. దీనికి భయపడి రెండో బిడ్డను వద్దనుకోకండి. పుట్టినప్పుడే ఒళ్లంతా ఎర్రబడి పొరలు ఊడిన బిడ్డ, పసితనంలోనే కామెర్లతో పాటు దురద పట్టిన బిడ్డ ఉన్న ఇళ్లవాళ్లు మాత్రం మరో కాన్పుకు ముందే హైదరాబాద్ నిమ్స్‌లోని జన్యు వైద్య విభాగం లాంటి చోట సలహా తీసుకోవాలి.

జన్యువును మార్చలేకపోయినా చర్మాన్ని బాగా చూసుకోవచ్చు. గోరువెచ్చని నీళ్లతో త్వరగా స్నానం ముగించండి. సున్నిపిండితో రుద్దవద్దు. తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ గానీ, కొబ్బరి నూనె గానీ ఒళ్లంతా పట్టించండి. రోజుకు రెండుసార్లు, దురద లేని రోజుల్లో కూడా. గోళ్లు పొట్టిగా కత్తిరించండి. ఫ్లోరైడ్ పళ్లకూ ఎముకలకూ చేటు చేస్తుందే గానీ ఈ దురదకు కారణం అది కాదు. సబ్బు నురగ రాని గడుసు నీళ్లు మాత్రం ఇలాంటి చర్మాన్ని ఇంకా ఎండగడతాయి.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే క్రీముల గురించి గట్టిగా చెప్పాలి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు చెప్పిన బలంలో, చెప్పినన్ని రోజులు వాడితే అది మంచి మందే. అడ్డూ అదుపూ లేకుండా పూస్తే చర్మం పలచబడుతుంది, తామర ఉంటే ముదురుతుంది. డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్ పూతమందులు అమ్మకుండా కేంద్రం 2018లోనే నిబంధన తెచ్చింది.

ప్రశ్న: మా నాయనకు చాలా ఏళ్లుగా దురద ఉంది. సంక్రాంతికి అబ్బాయి హాస్టల్ నుంచి వచ్చి వెళ్లాక నాకూ, నా భార్యకూ, పాపకూ అంటుకుంది. రాత్రయితే భరించలేం. మా వంశానికున్న జబ్బు ఇప్పుడు బయటపడిందా?
- ఒక రైతు, ఆత్మకూరు

జవాబు: మీ భార్య వేరే ఇంటి నుంచి వచ్చిన మనిషి కదా, ఆమెకూ ఒకేసారి వచ్చిందంటే వంశాన్ని అనుమానించాల్సిన పని లేదు. వంశంలో వచ్చే జబ్బు రక్త సంబంధం వెంట నడుస్తుంది, అంటుకునే జబ్బు పక్కబట్టల వెంట నడుస్తుంది. ఇది గజ్జి కావచ్చు. వేళ్ల సందుల్లో, మణికట్ల మీద, బొడ్డు చుట్టూ, గజ్జల్లో పొక్కులున్నాయేమో చూసుకోండి. కంటికి సరిగా ఆనని పురుగు చర్మంలో తొలుచుకుపోతుంది. మొదటిసారి సోకినవాళ్లకు నాలుగు నుంచి ఆరు వారాల దాకా దురదే తెలియదు. అందుకే దురద లేనివాళ్లతో సహా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మందు పూసుకోవాలి.

డాక్టరు సాధారణంగా 5 శాతం పెర్మెత్రిన్ రాస్తారు. మెడ నుంచి అరికాళ్ల దాకా పూసి, పొద్దున స్నానం చేసి, వారం తర్వాత మళ్లీ పూయాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. పురుగు చచ్చినా రెండు మూడు వారాలు దురద ఉంటుంది, మందు పనిచేయలేదని కంగారుపడి పదే పదే పూయవద్దు. హాస్టల్లో మీ అబ్బాయికీ, వాడి గదిలోని పిల్లలకూ వైద్యం జరగకపోతే వచ్చే పండక్కి ఇదే కథ. వార్డెన్‌కు చెప్పడానికి సిగ్గుపడకండి. మీ నాయనది పాత దురద కాబట్టి, ఆయనకు చక్కెర, కిడ్నీ, లివర్ పరీక్షలు విడిగా చేయించండి.

ప్రశ్న: మా అమ్మకూ, అక్కకూ, నాకూ వీపు పైభాగాన నల్లటి మచ్చలు, దురద. నైలాన్ పీచుతో ఎంత రుద్దినా పోవడం లేదు.
- ఒక టీచరు, ఆత్మకూరు

జవాబు: ఆ రుద్దుడు ముందు మానండి. అలలు అలలుగా కనిపించే ఈ మచ్చలు అమిలాయిడోసిస్ అనే చర్మ సమస్య కావచ్చు, రాపిడితో అది పెరుగుతుంది. కొన్ని కుటుంబాల్లో దీని వెనక ఓఎస్ఎంఆర్ అనే జన్యువులో మార్పు ఉందని 2008లో కనుగొన్నారు. దురద సంకేతాలను అందుకునే వ్యవస్థలో ఆ జన్యువుకు పాత్ర ఉంది. మీ రక్త సంబంధీకుల్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ గానీ, అడ్రినల్ గ్రంథిలో గడ్డ గానీ వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. వీపు దురదతో మొదలై ఆ గ్రంథులకు చేరే అరుదైన వంశపారంపర్య జబ్బు ఒకటుంది, ముందే తెలిస్తే ప్రాణం కాపాడవచ్చు.

ప్రశ్న: ఎనిమిదో నెల. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు గానీ అరచేతులూ అరికాళ్లూ రాత్రంతా దురద. మా అమ్మకూ కాన్పుల్లో ఇలాగే ఉండేదట, కాన్పయ్యాక తగ్గిపోయిందట. ఓర్చుకోమంటున్నారు.
- ఒక సోదరి, ఉదయగిరి

జవాబు: ఓర్చుకోకండి తల్లీ. ఉత్తరం అందగానే మీకు ఫోనులో చెప్పిన మాటే, మీలాంటివాళ్లు ఇంకొందరు ఉంటారని ఇక్కడా రాస్తున్నాను. లివర్ నుంచి పైత్యరసం సరిగా పారకపోతే ఇలా వస్తుంది. తల్లికీ అక్కచెల్లెళ్లకూ వచ్చిన ఇళ్లలో ఎక్కువ. తల్లికి దురదతో పోయినా, రక్తంలో బైల్ యాసిడ్లు బాగా పెరిగితే కడుపులోని బిడ్డకు ప్రమాదం. ఇవాళే కాన్పుల డాక్టరును కలిసి బైల్ యాసిడ్, లివర్ పరీక్షలు చేయించండి. అక్కడ ఆ పరీక్ష లేకపోతే నెల్లూరు వెళ్లండి. ఫలితాన్ని బట్టి కాన్పు కొంచెం ముందుకు జరపాల్సి రావచ్చు. బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపిస్తే అర్ధరాత్రయినా సరే, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి.