మైదానంలో సంగీతం, మైదానం చుట్టూ నగరం

సినిమాలపై గాని, పెద్ద రికార్డు కంపెనీలపై గాని ఆధారపడక, తమ పాటలను తామే రచించి, తామే బాణీ కట్టి పాడుకొనే బృందాల రాక్ సంగీతానికి ‘ఇండీ రాక్’ అని పేరు. అటువంటి బృందాలు ఒకచోట చేరి, పగటి నుండి రాత్రి వరకు ఆరుబయట పాడే ఉత్సవాలు మన దేశంలోనూ స్థిరపడ్డాయి. పుణేలో 2010లో ‘ఎన్‌హెచ్‌7 వీకెండర్’, అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయలో 2012లో ‘జీరో సంగీతోత్సవం’ ప్రారంభమయ్యాయి.

ఆరుబయట ప్రదర్శన తెలుగువారికి కొత్త కాదు. వీధినాటకం, తోలుబొమ్మలాట తెల్లవార్లూ సాగేవి. అయితే అక్కడ ఊరంతా ప్రేక్షకులే. నగరంలో టికెట్టు కొన్నవారు మైదానంలో ఉంటారు. గోడకు అవతల చదువుకొనేవారు, నిద్రపోయేవారు, చికిత్స పొందేవారు ఉంటారు. శబ్దం ఆ గోడ వద్ద ఆగదు.

ముంబయి అనుభవం

1986లో మొదలైన ‘ఇండిపెండెన్స్ రాక్’ ఉత్సవానికి ముంబయిలోని రంగభవన్ అనే ఆరుబయలు రంగస్థలం చిరకాలం వేదికగా ఉండేది. దాని సమీపంలో కళాశాల, ఆసుపత్రులు ఉన్నాయి. శబ్ద నియంత్రణ నిబంధనలు అమలులోకి వచ్చిన తరువాత ఆ ప్రాంతం నిశ్శబ్ద మండలం కావడంతో అక్కడ కచేరీలు నిలిచిపోయాయి. రోగికి విశ్రాంతి దక్కింది. యువ బృందాలు తమ వేదికను కోల్పోయాయి. రెండు పక్షాల అవసరమూ న్యాయమైనదే. కనుక స్థలాన్ని, వేళను ముందుగానే ఆలోచించి నిర్ణయించడమే ఉభయులకూ మేలు.

నిబంధన ఏమి చెబుతుంది?

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట ధ్వనివర్ధకాలు వాడరాదు. సాంస్కృతిక, మతపరమైన సందర్భాలలో ఏడాదికి 15 రోజులకు మించకుండా రాత్రి 12 గంటల వరకు రాష్ట్ర ప్రభుత్వం అనుమతించవచ్చు. నివాస ప్రాంతాలలో శబ్ద ప్రమాణం పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల పరిధిని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు.

మన చెవి సంగతి

పని స్థలాలలో 85 డెసిబెల్‌ల శబ్దాన్ని రోజుకు 8 గంటల వరకు వినవచ్చునని ఒక ప్రసిద్ధ ప్రమాణం. ఆపై ప్రతి 3 డెసిబెల్‌లకు వ్యవధి సగానికి తగ్గుతుంది. 100 డెసిబెల్‌ల వద్ద మిగిలేది 15 నిమిషాలే. సంగీత వేదికలలో సగటు శబ్దం 100 డెసిబెల్‌లు మించరాదని, శ్రోతలకు చెవి రక్షణ సాధనాలు, ప్రశాంతమైన విశ్రాంతి స్థలం అందుబాటులో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. కనుక:

1. చెవిలో పెట్టుకొనే బిరడాలు వెంట తీసుకువెళ్లండి. పిల్లలకు తప్పక చెవి రక్షణ కల్పించండి.
2. స్పీకర్లకు దూరంగా నిలబడండి. మధ్యమధ్య చెవులకు విశ్రాంతి ఇవ్వండి.
3. లోపలికి వెళ్లగానే బయటి దారులు, ప్రథమ చికిత్స శిబిరం, తాగునీరు ఎక్కడున్నాయో చూసుకోండి.
4. తిరిగి వచ్చేటప్పుడు వీధులలో కేకలు, హారన్లు మానండి. ఉత్సవం ముగిసినా ఇరుగుపొరుగువారి రాత్రి ముగియదు.

ఆలోచించండి

1. వీధినాటకపు ప్రేక్షకులకు, నగర ఉత్సవ శ్రోతలకు గల భేదమేమి?
2. మీ వార్డులో ఇటువంటి ఉత్సవానికి తగిన మైదానం ఏది? దానికి 100 మీటర్ల లోపల ఏయే సంస్థలు ఉన్నాయి?