మాజీ సైనికుడికి తొలి ఇంటర్వ్యూ

2022కు ముందు జవానుగా సైన్యంలో చేరినవారు చాలామంది 35 నుంచి 40 ఏళ్ల మధ్యే పింఛనుతో ఇంటికి వస్తారు. పింఛనుకు 15 ఏళ్ల సర్వీసు చాలు. అప్పటికి పిల్లలు ఇంకా బడిలోనే ఉంటారు కాబట్టి రెండో ఉద్యోగం తప్పదు. ఖమ్మం జిల్లా వేంసూరు లాంటి సరిహద్దు మండలానికి తిరిగొచ్చినవారికి దగ్గర్లో కనిపించేవి సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గరి కాంట్రాక్టు పనులు, అశ్వారావుపేట పామాయిల్ ఫ్యాక్టరీ, సారపాక కాగితం మిల్లు. అవి కాకపోతే హైదరాబాద్ దారి పట్టాలి.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. సైన్యం భర్తీలో పరుగు, వైద్య పరీక్ష, రాత పరీక్ష ఉంటాయి గానీ ఉద్యోగ ఇంటర్వ్యూ ఉండదు. ప్రమోషన్లు సీనియారిటీని బట్టి, కేడర్ పరీక్షలను బట్టి వస్తాయి. అందుకే 38 ఏళ్ల హవల్దార్ జీవితంలో మొదటిసారి ఇంటర్వ్యూ గదిలోకి అడుగుపెడతాడు. అవతల కూర్చున్నవారికి నాయక్‌కూ సుబేదార్‌కూ తేడా తెలియదు. ఆయన చెప్పేది వారికి అందదు, వారు అడిగేది ఆయనకు అంతుపట్టదు. ఇది అభ్యర్థి చేతకానితనం కాదు. పరిచయం లేని పద్ధతి, అంతే. నేర్చుకుంటే వస్తుంది.

ముందుగా, ఇంటర్వ్యూ అక్కర్లేని కొలువులను విడిగా చూసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి పోస్టులకు, గ్రూప్-బి నాన్-గెజిటెడ్ పోస్టులకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకూ తీసేసింది. కేంద్ర గ్రూప్-సి కొలువుల్లో మాజీ సైనికులకు 10 శాతం, ప్రభుత్వ రంగ సంస్థలు, బ్యాంకుల గ్రూప్-సిలో 14.5 శాతం రిజర్వేషన్ ఉంది. ఈ 14.5లో యుద్ధంలో వికలాంగులైనవారి వాటా, అమరుల కుటుంబాల వాటా కలిసే ఉన్నాయి. కేంద్ర కొలువులకు వయసు లెక్కలో సర్వీసు కాలాన్ని తీసేస్తారు. ఆ మిగిలిన వయసు గరిష్ఠ పరిమితిని మూడేళ్లకు మించి దాటకూడదు. 38 ఏళ్ల వ్యక్తి 17 ఏళ్లు పనిచేసి ఉంటే లెక్కకు వచ్చేది 21 ఏళ్లే. పదో తరగతి చదివి 15 ఏళ్లు సేవచేసినవారిని, సాంకేతిక అనుభవం తప్పనిసరి కాని గ్రూప్-సి పోస్టులకు డిగ్రీ ఉన్నట్టే పరిగణిస్తారు. ఇన్ని వెసులుబాట్లు ఉన్నచోట రాత పరీక్షకు కూర్చోకుండా ప్రైవేటు ఇంటర్వ్యూల చుట్టూ తిరగడం కాలం వృథా చేసుకోవడమే.

రాష్ట్ర ఉద్యోగాలకు మరో మెలిక ఉంది. స్థానికత తేల్చేది 1 నుంచి 7వ తరగతి వరకు సాగిన చదువు. వేంసూరు ఆంధ్రప్రదేశ్ సరిహద్దులో ఉంది కాబట్టి, చిన్నప్పుడు తిరువూరు వైపు బడికి వెళ్లినవారు బోనఫైడ్ సర్టిఫికెట్లను ముందే సరిచూసుకోవాలి.

ప్రైవేటు ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: మీ గురించి చెప్పండి. దీనికి చాలామంది ర్యాంకు, రెజిమెంటు, పనిచేసిన ఊళ్లు చెప్పి ఆగిపోతారు. వినేవారికి అందులో పని కనిపించదు. బొగ్గు టిప్పర్లు నడిపించే సంస్థలో రవాణా సూపర్‌వైజర్ పోస్టుకు వెళ్లిన ఆర్మీ సర్వీస్ కోర్ హవల్దార్ జవాబు ఇలా ఉండొచ్చు: “నా కింద 20 బండ్లు, వాటి డ్రైవర్లు ఉండేవారు. బయలుదేరే ముందు బ్రేకులు, టైర్లు చూసి రిజిస్టర్లో సంతకం పెట్టేది నేనే. దారిలో బండి ఆగితే సరుకు వేరే బండికి మార్చి సమయానికి చేర్చే బాధ్యత నాది.” ఇందులో గొప్పలు లేవు, రహస్యాలూ లేవు. యూనిట్ ఎక్కడుంది, ఏ ఆపరేషన్‌లో పాల్గొన్నది అన్నవి చెప్పనవసరం లేదు, చెప్పకూడదు కూడా. సైన్యంలో “మేం చేశాం” అనడం అలవాటు, అది మంచి సంస్కారం కూడా. ఇంటర్వ్యూలో మాత్రం తన వంతు ఏమిటో విడదీసి చెప్పకపోతే అభ్యర్థికే నష్టం.

జీతం దగ్గర మనసు నొచ్చుకునే మాట వినిపిస్తుంది: “పింఛను వస్తోందిగా, ఇంత చాలదా?” పింఛను గడిచిన సేవకు వచ్చేది, జీతం చేయబోయే పనికి ఇచ్చేది. కేంద్ర ప్రభుత్వమే కమిషన్డ్ ఆఫీసరు కంటే కింది ర్యాంకుల వారికి పునర్నియామకంలో జీతం లెక్కకట్టేటప్పుడు పింఛనును పూర్తిగా పక్కన పెడుతుంది. అభ్యర్థి ఆ పోస్టుకు మార్కెట్లో నడుస్తున్న జీతం ముందే కనుక్కుని, అదే అంకె మర్యాదగా చెప్పాలి.

మూడు రౌండ్లు తిప్పి తర్వాత పలకని సంస్థలు చాలానే ఉన్నాయి. గదిలోంచి బయటికి వచ్చేముందే ఫలితం ఎప్పుడు, ఎవరి ద్వారా తెలుస్తుందని అడగాలి. చెప్పిన తేదీ దాటితే ఒక్కసారి గుర్తుచేసి, ఇంకోచోట దరఖాస్తు పెట్టాలి. సమాధానం కోసం నెలల తరబడి ఎదురుచూసే ఓపిక సైనిక క్రమశిక్షణలో భాగమే కావచ్చు. ఉద్యోగ వేటలో మాత్రం అది అవకాశాలను దూరం చేస్తుంది.

సెక్యూరిటీ గార్డు ఉద్యోగం ఒక్కటే దిక్కని అనుకోవద్దు. దానికే వెళ్లేవారు 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సున్న సంస్థనే ఎంచుకోవాలి. సర్వీసులో ఉన్నవారు చివరి ఏడాదిలోనే పునరావాస డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే శిక్షణ కోర్సు తీసుకోవడం మేలు. ఇంటికి రాగానే డిశ్చార్జ్ బుక్, పింఛను చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ) పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉద్యోగానికి పేరు నమోదు చేయించుకోవాలి.

చివరగా, కేంద్ర కొలువులో ఒకసారి మాజీ సైనికుల కోటాలో చేరితే ఆ రిజర్వేషన్ మళ్లీ దొరకదు. అంతకుముందే వేరే పోస్టులకు దరఖాస్తు పెట్టినవారు చేరిన వెంటనే ఆ దరఖాస్తులన్నిటి వివరాలతో, తేదీలతో కొత్త యాజమాన్యానికి స్వీయ ధ్రువీకరణ ఇస్తే వాటికి మాత్రం కోటా నిలుస్తుంది.