పలు తరాలు, పలు రీతులు, ఒకే ఆరాధన



సంఘం దేవుని సన్నిధిలో కూడుకున్నప్పుడు పాడే తీరు, ప్రార్థించే తీరు, వాక్యం వినే తీరు, వాడే భాష, కూడుకునే వేళ అన్నీ కలిస్తే ఆరాధన రీతి అవుతుంది. ఆరాధన క్రమం అంతకన్నా వేరు. స్తుతి, పాపపు ఒప్పుకోలు, లేఖన పఠనం, ప్రసంగం, విజ్ఞాపన, కానుకలు, ప్రభురాత్రి భోజనం, ఆశీర్వాదం అనే వరుసను క్రమం అంటారు. రీతి ఊరిని బట్టి, కాలాన్ని బట్టి, తరాన్ని బట్టి మారుతుంది. క్రమం మాత్రం సంఘాన్ని నిలబెట్టి ఉంచుతుంది. ఆరాధన నడిపించడం నేర్చుకునేవారు మొట్టమొదట ఈ తేడాను పట్టుకోవాలి. పాటల గురించీ వాయిద్యాల గురించీ సంఘాల్లో వచ్చే తగవుల్లో ఎక్కువ భాగం రీతినే క్రమం అనుకోవడం వల్ల పుడతాయి.

హైదరాబాదు నడిబొడ్డున సుల్తాన్ బజార్, ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతం ఈ విషయం చదువుకోవడానికి తగిన చోటు. సుల్తాన్ బజార్ ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ బజారు. 1933లో నిజాం పాలన కిందికి తిరిగి వచ్చింది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది కూడా ఈ ప్రాంతంలోనే. తెలుగు, దక్కనీ ఉర్దూ, మరాఠీ, కన్నడం, మార్వాడీ, ఇంగ్లీషు ఒకే వీధిలో వినిపించే ఈ చోట క్రైస్తవుల ఆరాధన ఒక్క మూసలో ఉండే అవకాశం మొదటి నుంచీ లేదు. నాంపల్లి వైపు చాపెల్ రోడ్డులోని స్టాన్లీ బాలికల పాఠశాల, చిరాగ్ అలీ లేన్ దగ్గరి మెథడిస్ట్ కాంప్లెక్స్ మెథడిస్టు సంఘం ఇక్కడ ఎంత లోతుగా వేళ్లూనుకుందో చెబుతాయి.

ఈ నగరానికి మెథడిస్టు విశ్వాసం రెండు పాయలుగా వచ్చింది. ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మిషనరీలు సికింద్రాబాదు నుంచి మెదక్ వైపు సాగారు. చార్లెస్ వాకర్ పోస్నెట్ పూనికతో కట్టిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. ఈ పాయ 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది. రెండో పాయ అమెరికా నుంచి వచ్చింది. కాలిఫోర్నియా వీధుల్లో బోధించిన విలియం టేలర్ 1870లో భారతదేశానికి వచ్చి, నగరాల్లో ఇంగ్లీషు మాట్లాడేవారి మధ్య సంఘాలను నెలకొల్పాడు. ఆ పని క్రమంగా హైదరాబాదుకు, వికారాబాదుకు, బీదరుకు పాకి తెలుగు, కన్నడ పల్లెలను చేరింది. ఈ పాయ 1947 ఐక్యతలో కలవకుండా నిలిచి, 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా స్వయంపాలన పొందింది. మొదటి పాయలో ముద్రిత ప్రార్థనలకు, వాటికి సంఘం చెప్పే జవాబులకు చోటు ఎక్కువ. రెండో పాయలో అప్పటికప్పుడు గుండెలోంచి వచ్చే ప్రార్థనకు, సాక్ష్యానికి చోటు ఎక్కువ. ఒకే కుటుంబంలో తల్లి వైపు ఒక పాయ, తండ్రి వైపు మరో పాయ ఉండడం హైదరాబాదులో వింత కాదు.

పలు రీతులు మెథడిస్టులు ఈ మధ్య ఎవరినో చూసి తెచ్చుకున్నవి కావు. జాన్ వెస్లీ ఆంగ్లికన్ ప్రార్థనల పుస్తకాన్ని చివరిదాకా ప్రేమించాడు. అయినా 1739లో బ్రిస్టల్‌లో ఆరుబయట నిలబడి గని పనివారికి బోధించాడు. చార్లెస్ వెస్లీ ఆరు వేలకు పైగా కీర్తనలు రాశాడు. మందిరం అప్పు తీర్చడానికి 1742లో వారం వారం పెన్నీ వసూలు చేయబోయి, పన్నెండేసి మంది చిన్న గుంపులను ఏర్పరచారు. వాటికే క్లాస్ మీటింగులని పేరు. అప్పు సంగతి వెనకబడింది కాని, ఒకరి ఆత్మ క్షేమాన్ని ఒకరు అడిగి తెలుసుకునే ఆ అలవాటు ఉద్యమానికి వెన్నెముక అయింది. మొరేవియన్ల దగ్గర నేర్చుకున్న ప్రేమ విందు, రాత్రి జాగరణగా సాగే వాచ్ నైట్, 1755లో మొదలైన నిబంధన ఆరాధన కూడా వీటి పక్కన చేరాయి. 1784లో వెస్లీ అమెరికా మెథడిస్టులకు కుదించిన ప్రార్థనల పుస్తకం ఒకటి పంపితే, గుర్రాల మీద తిరిగే అక్కడి బోధకులు దాన్ని త్వరలోనే పక్కన పెట్టారు. ఇలా పుస్తక ప్రార్థనా, మైదాన కూటమూ రెండూ మెథడిస్టుల సొంత ఆస్తే. తాతలది అసలు మెథడిస్టు ఆరాధన, మనవలది బయటి సరుకు అన్న మాట చరిత్రకు నిలవదు. మనవలదే జీవం, తాతలది ఎండిన ఆచారం అన్న మాట కూడా నిలవదు.

తెలుగు నేల మీద ఈ ఆస్తి మరింత పెరిగింది. ఇందులో మొదట చెప్పుకోవలసినది ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. పురుషోత్తమ చౌధరి వంటి 19వ శతాబ్దపు కవులు పాశ్చాత్య బాణీల అనువాదంతో సరిపెట్టుకోకుండా కర్ణాటక సంగీత రాగాల్లో సొంత కీర్తనలు కట్టారు. పుస్తకంలో కీర్తన తల మీద రాగం, తాళం అచ్చయి ఉంటాయి. చదువు రాని విశ్వాసులు సైతం ఈ కీర్తనలను కంఠతా పట్టి వాటి ద్వారానే వేదాంతం నేర్చుకున్నారు. ఆ తరవాత భక్త్ సింగ్ హెబ్రోను సహవాసాల నుంచి సీయోను పాటలు వచ్చాయి. క్యాసెట్ల కాలంలోనూ, ఇప్పటి యూట్యూబ్ కాలంలోనూ గిటారు, కీబోర్డు, ప్యాడ్స్ మీద నడిచే కొత్త పాటలు వచ్చాయి. పల్లె వైపు చూస్తే డోలక్, చిడతలతో భజన, క్రీస్తు చరిత్ర చెప్పే బుర్రకథ ఉన్నాయి. వికారాబాదు దగ్గర ధారూరులో నవంబరు నెలలో జరిగే మెథడిస్టు క్రైస్తవ జాతర వీటన్నిటినీ ఒక్కచోట చేరుస్తుంది. కుటుంబాలు గుడారాలు వేసుకుని, అక్కడే వండుకుని తిని, రోజుల తరబడి వాక్యం వింటాయి. అమెరికా అడవుల్లోని క్యాంప్ మీటింగు తెలంగాణ జాతర రూపం ఎత్తితే ఎలా ఉంటుందో అక్కడ కనిపిస్తుంది. ఆబిడ్స్ సంఘాల్లో ఆదివారం బూట్లు వేసుకుని వచ్చే యువకుల తాతముత్తాతల్లో చాలామంది ఇలాంటి పల్లెల నుంచి వచ్చినవారే.

నగరం నడిమధ్య ఉన్న పాత సంఘాలు బలహీనపడడానికి పాటలొక్కటే కారణం కాదు. కుటుంబాలు కూకట్‌పల్లికి, ఉప్పల్‌కు, మియాపూర్‌కు మారిపోయాయి. కొందరు ఇంటి దగ్గరి స్వతంత్ర సంఘాలకు వెళతారు. కోఠి, సుల్తాన్ బజార్ దుకాణాల్లో పనిచేసేవారికి ఆదివారం మంచి బేరం రోజు. సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రి, కోఠి చెవి ముక్కు గొంతు ఆసుపత్రి, ఉస్మానియా ఆసుపత్రుల్లో నర్సుల డ్యూటీలు వారాన్ని బట్టి ఆగవు. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు కాని కీర్తనల పుస్తకంలో అక్షరాలు కూడబలుక్కోవాల్సి వస్తుంది. పాత అనువాదం బైబిలు భాష పెద్దల నాలుక మీద ఉంటుంది, పిల్లలకు అర్థం కాదు. కాబట్టి రీతిని మార్చడమంటే వేళ, భాష, లిపి, స్వరం నాలుగింటినీ చూడడం.

వేళ విషయంలో తెల్లవారుజామున చిన్న ఆరాధన కాని, సాయంకాలం ఆరాధన కాని డ్యూటీలకు వెళ్లేవారికి తప్పనిసరి. దూరాన ఉన్నవారికి వారం మధ్యలో పేటలవారీగా గృహకూటాలు క్లాస్ మీటింగు పని చేస్తాయి. అయితే వేళను బట్టి విడదీయడం వేరు, వయసును బట్టి విడదీయడం వేరు. ఎనిమిదిన్నరకు పెద్దల ఆరాధన, పదకొండుకు యూత్ సర్వీసు అని స్థిరపడితే పదేళ్లలో ఒకే కప్పు కింద రెండు సంఘాలు తయారవుతాయి. పెద్దలు పోయాక మొదటిది ఖాళీ అవుతుంది. పెద్దల ప్రార్థన వినకుండా పెరిగిన రెండోది కష్టకాలంలో ఏమని ప్రార్థించాలో తెలియక తడబడుతుంది. అందుకని నెలలో కనీసం ఒక ఆదివారం, ముఖ్యంగా ప్రభురాత్రి భోజనం ఉండే ఆదివారం, అన్ని వయసులవారూ ఒకే ఆరాధనలో ఉండాలి. పలు రీతులు అక్కడ ఒకదాని పక్కన ఒకటి కూర్చోవాలి.

భాష, లిపుల విషయంలో చేయవలసినది తేలిక. లేఖన భాగాన్ని ఒక పెద్దమనిషి పాత అనువాదంలో చదివాక, అదే భాగాన్ని ఒక బాలికో బాలుడో వాడుక భాషలోని అనువాదంలో చదివితే రెండు తరాలకూ వాక్యం అందుతుంది. తెర మీద పాట వేసేటప్పుడు తెలుగు లిపి పైన, రోమన్ లిపి కింద ఉండాలి. రోమన్ లిపి ఒక్కటే వేస్తే పిల్లలు తెలుగు చదవడం ఎన్నడూ నేర్చుకోరు. తెలుగు ఒక్కటే వేస్తే నోరు విప్పరు. హిందీ, కన్నడ కుటుంబాలున్న చోట ప్రభువు ప్రార్థనను ఎవరి భాషలో వారు ఒకేసారి చెప్పుకోవచ్చు.

స్వరం విషయంలో శ్రద్ధ ఎక్కువ కావాలి. యూట్యూబ్ పాట గాయకుని శ్రుతిలో ఉంటుంది. సంఘం ఆ శ్రుతిలో పాడలేదు. ఆడవారూ మగవారూ కలిసి పాడేటప్పుడు పాటలోని పై స్వరం తారస్థాయిలో రెండు శ్రుతి స్వరాన్ని, అంటే పై డీని, దాటకుండా చూసుకోవాలి. దాటితే మొదట వృద్ధులు ఆగిపోతారు, ఆ వెనక మగపిల్లలు ఆగిపోతారు, చివరికి వేదిక మీది నలుగురే మిగులుతారు. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మీట ఉన్నది ఈ అవసరానికే. తాళం ఇంకా సున్నితం. ఏడు మాత్రల మిశ్రచాపులో కట్టిన కీర్తనకు కీబోర్డులో నాలుగు దెబ్బల రిథమ్ వేస్తే మాట ఒకచోట సాగుతుంది, మరోచోట తెగుతుంది. పెద్దలు పాట చెడిపోయిందంటే పిల్లలకు కారణం తెలియదు. అలాంటప్పుడు రిథమ్ ఆపి తబలాకు అప్పగించాలి.

ఒక కీర్తనను రెండు తరాలకు నేర్పే పద్ధతి ఇలా ఉంటుంది. పల్లవిని మొదట హార్మోనియం శ్రుతి మీద ఇద్దరు పెద్దలు పాడతారు. అదే పల్లవిని యువకులు గిటారు మంద్రంగా మీటుతూ అందుకుంటారు. చరణాలు ఒకటి పెద్దలది, ఒకటి సండే స్కూల్ పిల్లలది. చివరి పల్లవికి వాయిద్యాలన్నీ ఆపి సంఘం గొంతుతోనే పాడించాలి. అదే కీర్తనను వరసగా మూడు, నాలుగు వారాలు పాడిస్తే కంఠతా వచ్చేస్తుంది. కొత్త పాటను పెద్దలకు నేర్పేటప్పుడూ ఇదే పద్ధతి. ఒక ఆదివారానికి ఒకటికన్నా ఎక్కువ కొత్త పాటలు పెట్టకూడదు.

సంఘ సంవత్సరం పలు రీతులకు సహజంగా చోటిస్తుంది. గుడ్ ఫ్రైడే నాటి ఏడు మాటలను ఏడుగురు చెప్పడం వాడుకలో ఉన్నదే. ఆ ఏడుగురిలో ఒక నర్సు, ఒక కాలేజీ విద్యార్థి, ఒక వృద్ధురాలు ఉంటే అదే ఆరాధన కొత్తగా వినిపిస్తుంది. కోత పండుగ బుర్రకథకు, భజనకు తగిన రోజు. వాచ్ నైట్‌లో సాక్ష్యాలకు వేళ ఇవ్వాలి. కొత్త సంవత్సరపు మొదటి ఆదివారం నిబంధన ఆరాధనలో ముద్రిత ప్రార్థనను అందరూ కలిసి నిదానంగా చదవాలి. ఆరాధన తరవాత నేల మీద కూర్చుని తినే ప్రేమ విందులో, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది కూడా పాటల ఎంపిక అంత జాగ్రత్తగా చూడాలి. వేరే తరంవారి పేర్లు తెలియకుండా ఎవరూ ఇంటికి వెళ్లకూడదు.

పలు రీతులు వికటించే దారులు కొన్ని ఉన్నాయి. యువకులకు ఒక స్పెషల్ సాంగ్ ఇచ్చి కూర్చోబెట్టడం వాటిలో ఒకటి. వారికి లేఖన పఠనం, విజ్ఞాపన, కానుకల సేకరణ కూడా అప్పగించాలి. పెద్దలు కూర్చునే ముందు వరసల వైపు స్పీకర్లు తిప్పడం మరొకటి. చెవిలో యంత్రం పెట్టుకున్నవారికి డ్రమ్ము మోత హింస అవుతుంది. క్రమంలోని భాగాలను పాటల కోసం తగ్గించడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఒప్పుకోలు, విజ్ఞాపన లేని ఆరాధన ఎంత ఉత్సాహంగా ఉన్నా సంఘాన్ని పోషించదు. వెస్లీ 1761లో పాడడం గురించి ఇచ్చిన సూచనలు ఈ రోజుకూ కొలబద్దే. అందరూ పాడాలని, బలంగా పాడాలని, పక్కవాని గొంతును మించిపోకుండా పాడాలని, తాళం తప్పకుండా పాడాలని, అన్నిటికీ మించి మనసు దేవుని మీద పెట్టి పాడాలని వాటి సారం.

సంఘం పునరుజ్జీవం పొందిందో లేదో హాజరు పట్టీ ఒక్కటే చెప్పదు. ఏడాది కిందట వేదిక ఎక్కనివారు ఎంతమంది చదివారు, ప్రార్థించారు? పిల్లలకు పుస్తకం చూడకుండా ఎన్ని కీర్తనలు వచ్చాయి? పెద్దలు ఎన్ని కొత్త పాటల్లో గొంతు కలుపుతున్నారు? గృహకూటంలో రోగుల పేర్లు తెలుసా? సంఘ కమిటీ ఈ నాలుగు ప్రశ్నలకు మూడు నెలలకోసారి జవాబు రాసుకుంటే చాలు.

ఈ పని గురువు ఒక్కరి మీద పెట్టకూడదు. మెథడిస్టు పద్ధతిలో కాన్ఫరెన్సులో బిషప్ నియామకాలు చదవగానే గురువు మరో ఊరికి వెళ్లిపోతారు. ఆయనతో వచ్చిన రీతి ఆయనతోనే వెళ్లిపోతే సంఘం మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే ఆరాధన కమిటీలో ప్రతి తరం నుంచి ఒకరు ఉండాలి. ఆరు నెలల ఆరాధనల పట్టిక, పాటల శ్రుతులు, తాళాలు, చదివేవారి పేర్లు రాతలో ఉండాలి. ప్రతి వాయిద్యానికీ, ప్రతి బాధ్యతకూ నేర్చుకునే మరొకరు పక్కన ఉండాలి. అప్పుడు కొత్తగా వచ్చిన గురువు చేతికి ఖాళీ కాగితం కాక, నడుస్తున్న ఆరాధన అందుతుంది.